నాన్నగారి అంత్యక్రియలు: అద్దె ఇల్లు, డాలస్‌లో తమ్ముడు, అమ్మ గాజులు

అమ్మా, మీ ప్రశ్న పూర్తిగా చదివాను. మిగతావాళ్లకు కూడా అర్థమయ్యేలా రెండు ముక్కల్లో మళ్లీ చెబుతాను. నాన్నగారికి 78 ఏళ్లు. గుండెకు పేస్‌మేకర్ ఉంది, కిడ్నీలు పనిచేయడం మానేశాయి, డాక్టర్లు ఇక ఇంటికి తీసుకెళ్లమంటున్నారు. మీరు కూకట్‌పల్లిలో అద్దె ఫ్లాట్‌లో ఉంటున్నారు. తమ్ముడు డాలస్‌లో ఉన్నాడు, వీసా స్టాంపింగ్ చిక్కు వల్ల రాగలడో లేదో తెలియదు. పెదనాన్నగారు పదకొండు రోజులూ ఊళ్లోనే చేయాలంటున్నారు. మీ అత్తింటివాళ్లు మూడు రోజుల్లో కానిచ్చేయమంటున్నారు. పదో రోజు అమ్మకు చేసే తంతు తలుచుకుంటే మీకు నిద్ర పట్టడం లేదు. మనిషి బతికుండగా ఇవన్నీ అడగడం పాపమేమో అని కూడా రాశారు.

పాపం కాదమ్మా. హైదరాబాద్‌లో అంత్యక్రియల ఏర్పాట్లు చూసే పనిలో ఎన్నో ఏళ్లుగా ఉన్నాను. ముందే మాట్లాడుకున్న ఇల్లేదో, మాట్లాడుకోని ఇల్లేదో గుమ్మంలో అడుగుపెట్టగానే తెలిసిపోతుంది. మాట్లాడుకోని ఇంట్లో మగవాళ్లంతా మెట్ల మీద ఫోన్లు పట్టుకుని ఉంటారు. ఫ్రీజర్ బాక్స్ ఎక్కడ దొరుకుతుంది, పంతులుగారు ఎవరు, ఆధార్ కార్డు ఏ బీరువాలో ఉంది అని హడావుడి. లోపల పోయినాయన భార్య ఒక్కతే గోడకు ఆనుకుని కూర్చుంటుంది. పొద్దున్నుంచి ఆమెకు గ్లాసుడు మంచినీళ్లు ఇచ్చినవాళ్లు ఉండరు. షుగర్ మాత్ర వేసుకుందో లేదో అడిగినవాళ్లూ ఉండరు. మీరు ఇప్పుడే అడిగారు కాబట్టి ఆ రోజు మీరు ఫోన్ పక్కన పెట్టి అమ్మ దగ్గర కూర్చోగలుగుతారు.

మీ ప్రశ్నలన్నిటికీ నా జవాబు ఒకే మాట మీద నిలబడి ఉంటుంది. తంతులో ఏది తగ్గించుకున్నా నాకు అభ్యంతరం లేదు. మీ అమ్మ చుట్టూ మనుషులుండే రోజులు మాత్రం తగ్గించకండి. పదకొండా, మూడా అన్న వాదన వచ్చినప్పుడల్లా దీన్నే కొలతగా పెట్టుకోండి.

ముందు, ఇంటికి తీసుకెళ్లడం గురించి. ఆసుపత్రిలో పోతే కాగితాలు వాళ్లే చూస్తారు, ఇంట్లో పోతే ఆ పని మీ మీద పడుతుంది. అందుకని డిశ్చార్జి సమ్మరీ, పాత రిపోర్టులు అన్నీ ఒకే ఫైల్లో పెట్టండి. మీ వీధిలో ఇంటికొచ్చి చూసే డాక్టరును ఈ వారంలోనే ఒకసారి పిలిచి నాన్నగారిని చూపించండి. ముందు చూసి ఉన్న డాక్టరైతే ఆ రోజు వచ్చి మరణ కారణం రాసిచ్చే ఫారం 4ఏ ఇవ్వడానికి వెనకాడరు. అర్ధరాత్రి ముఖం తెలియని డాక్టరును పట్టుకొస్తే ఎవరూ సంతకం చేయరు, చేయకపోవడం వాళ్ల తప్పు కూడా కాదు. శ్మశానవాటికలో కూడా డాక్టరు కాగితం, పోయినవారి ఆధార్, దగ్గరుండి చేయించేవారి ఆధార్ అడుగుతారు. నొప్పి, ఆయాసం ఇంట్లో చూసుకోలేమనిపిస్తే హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో, స్పర్శ్ హాస్పిస్‌లో చివరి దశ రోగులకు ఉపశమన సేవలున్నాయి. క్యాన్సర్ కాని వాళ్లను ఎక్కడ తీసుకుంటారో ఫోన్ చేసి కనుక్కోండి.

పేస్‌మేకర్ సంగతి చాలామంది మరిచిపోతారు. దహనానికి ముందు దాన్ని తీయించాలి. అందులోని బ్యాటరీ ఆ వేడికి పేలుతుంది. గ్యాస్, కరెంటు దహనయంత్రాల్లో అయితే లోపలి ఇటుకలు కూడా దెబ్బతింటాయి, కట్టెల మీదైతే పక్కన నిలబడ్డవాళ్లకు ప్రమాదం. చర్మం కిందే ఉంటుంది, డాక్టరు చిన్న కోత పెట్టి తీసేస్తారు. ఎవరు వచ్చి తీస్తారో ఆసుపత్రి నుంచి బయల్దేరేలోపే మాట్లాడి పెట్టుకోండి. శ్మశానంలో చెప్పకుండా దాచకండి.

ఇక అద్దె ఇల్లు. ఈ నగరంలో నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టేది ఇదే. ఓనరు ఒప్పుకోలేదని మనిషిని ఆసుపత్రి నుంచి నేరుగా శ్మశానానికి తీసుకెళ్లిన కుటుంబాలు ఎన్నో. రోడ్డు పక్కన అంబులెన్సులోనే ఉంచి, చుట్టాలు వచ్చి అక్కడే దండం పెట్టుకుని వెళ్లిన సందర్భాలు కూడా ఉన్నాయి. ఏళ్ల తరబడి అద్దె కట్టిన ఇంట్లోకి చివరిసారి రానివ్వకపోవడం ఎంత అన్యాయమో చెప్పడానికి నాకు మాటలు చాలవు. ఓనర్ల భయం చాలావరకు నక్షత్రం గురించే. ధనిష్ఠ నుంచి రేవతి వరకు అయిదు నక్షత్రాల్లో మరణం జరిగితే ఇల్లు నెలల తరబడి మూసేయాలని పట్టింపు ఉంది. ఆ తర్వాత ఎవరూ అద్దెకు రారేమోనని వాళ్ల దిగులు. దానికి శాంతి ఉంది, ఆ శాంతి ఖర్చు మేమే పెట్టుకుంటామని, తర్వాత ఇల్లు కడిగించి సున్నం వేయిస్తామని మీ ఆయనో, పెదనాన్నగారో ఇప్పుడే వెళ్లి ఓనరుతో మర్యాదగా మాట్లాడాలి. ఫోన్లో కాదు, ఇంటికి వెళ్లి. ముందు చెబితే ఒప్పుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, పోయాక చెబితే బెదిరిపోతారు. అపార్ట్‌మెంట్ సంఘం సెక్రటరీకి కూడా ఒక మాట చెప్పండి.

అపార్ట్‌మెంట్ అన్నాక లిఫ్టు చూసుకోవాలి. అయిదారుగురు పట్టే లిఫ్టులో స్ట్రెచర్ అడ్డంగా పట్టదు. నిలువుగా పెట్టి దించడం ఇంట్లోవాళ్లు చూడలేరు. ఇంట్లోనే పోతే బలమైన దుప్పటిలో నలుగురు కలిసి మెట్ల మీదుగా దించడమే మర్యాద. ఫ్రీజర్ బాక్స్ కింద పార్కింగ్‌లో పెట్టుకోవాలి. పెట్టే చోట ప్లగ్ పాయింటు ఉందా, అది అపార్ట్‌మెంట్ జనరేటర్ లైనులో ఉందా అన్నది వాచ్‌మన్‌ను అడిగితే చెబుతాడు. ఇంటి ఇన్వర్టర్‌ను నమ్ముకోకండి. బాక్స్ మూత ఊరికే తెరవకూడదు, వచ్చిన ప్రతివాళ్లూ దండ వేస్తామని తెరిపిస్తే చల్లదనం పోతుంది. దండలు మూత మీదే వేయించండి. అద్దానికి చెమ్మ పట్టి ముఖం మసకబారుతూ ఉంటుంది. పక్కన మెత్తని గుడ్డతో ఒకరిని కూర్చోబెట్టండి. ఆ పని మనవడికో, మనవరాలికో ఇస్తే వాళ్లు ఎంతో శ్రద్ధగా చేస్తారు. తాతకు ఏదో చేశామన్న తృప్తి వాళ్లకు మిగులుతుంది.

బాక్స్‌లో ఒకటి, రెండు రోజులు ఉంచవచ్చు. అంతకు మించితే మార్చురీలో ఉంచడమో, ఎంబామింగ్ (శరీరం పాడవకుండా మందులు ఎక్కించడం) చేయించడమో తప్పదు.

తమ్ముడి విషయానికి వస్తాను. డాలస్ నుంచి ఎంత త్వరగా బయల్దేరినా ఇంటికి చేరేసరికి రోజు పైన పడుతుంది. రాగలిగితే ఆగండి. స్టాంపింగ్ లేక, వస్తే తిరిగి వెళ్లలేక, ఉద్యోగం పోయే పరిస్థితిలో ఉంటే మాత్రం వాడిని రమ్మని ఒత్తిడి చేయకండి, ఎవరినీ నిందించనివ్వకండి. "కొడుకై ఉండి రాలేదు" అన్న మాట వాడికి చేరిందంటే ఇక మరిచిపోలేడు. వాడు చేయాల్సిన పని ఇప్పుడే ఉంది. రోజూ ఫోన్ చేసి నాన్నగారితో మాట్లాడమనండి. స్పృహ తగ్గినా వినికిడి చివరిదాకా ఉంటుందని ఈ దశలో రోగులను చూసుకునే నర్సులు చెబుతారు, నేనూ నమ్ముతాను. ఫోన్ ఆయన చెవి దగ్గర పెట్టి మీరు పక్కకు జరగండి. ఏం మాట్లాడాడో అడగకండి.

అంతిమయాత్ర వీడియోలో చూపించాల్సి వస్తే దానికి ఒక్క మనిషిని కేటాయించండి, అదీ దగ్గరి చుట్టం కాకుండా. నిప్పు అంటుకున్నాక కూడా చూస్తానంటే చూపించండి, వద్దంటే అక్కడితో ఆపేయండి. అంతకంటే ముఖ్యం, ఆ టైముకి వాడి ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలి. డాలస్‌లో తెలుగువాళ్లకు కొదవ లేదు. వాడి స్నేహితుల్లో ఒకరి నంబరు ఇప్పుడే తీసిపెట్టుకోండి. అర్ధరాత్రి ఒక్కడే లాప్‌టాప్ ముందు కూర్చుని తండ్రి దహనం చూసి, తెల్లారి ఆఫీసు మీటింగులో కూర్చున్న పిల్లలు నాకు తెలుసు. కోవిడ్ రోజుల్లో ఆసుపత్రి నుంచి నేరుగా తీసుకెళ్లిపోగా ముఖం కూడా చూడలేకపోయిన కుటుంబాలు ఈ రోజుకీ అదే మాట చెప్పి ఏడుస్తాయి. దూరంగా ఉండిపోయినవాళ్ల దుఃఖం దగ్గరున్నవాళ్ల దుఃఖం కంటే నెమ్మదిగా తీరుతుంది. అస్థికలు వాడి కోసం ఆపవచ్చు. చాలా శ్మశానవాటికల్లో లాకర్లు ఉన్నాయి, రసీదు ఇస్తారు. వాడు వచ్చినప్పుడు బాసరకో, ధర్మపురికో, రాజమండ్రికో వెళ్లి కలుపుకోండి.

తలకొరివి ఎవరు పెట్టాలన్నది మీరు నేరుగా అడగలేదు గానీ మాటల మధ్య ఆ భయం కనిపించింది. మీరు పెట్టవచ్చు. అపరకర్మలు, అంటే పోయినవారికి చేసే కర్మలు చెప్పే గ్రంథాల్లో అధికారుల వరుసలో కొడుకు తర్వాత భార్య, కూతురు కూడా ఉన్నారు. చదువుకున్న పురోహితులెవరూ కాదనరు. 2018లో వాజ్‌పేయి గారికి పెంపుడు కూతురు, 2021లో జనరల్ బిపిన్ రావత్ దంపతులకు ఇద్దరు కూతుళ్లు తలకొరివి పెట్టడం దేశమంతా చూసింది. ఈ నగరంలో ఇప్పుడు అది వింత కాదు. కాకపోతే మీరు చేస్తానన్న మాట అపరం చేయించే పంతులుగారికి ముందే చెప్పండి. శ్మశానం గేటు దగ్గర వాదన పెట్టుకోకండి. ఆడవాళ్లు శ్మశానానికి రాకూడదని ఎవరైనా అంటే, మీ వెంట వచ్చే ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లను పక్కనే నడిపించుకుని వెళ్లండి, జవాబు చెప్పనక్కర్లేదు.

దహనం ఎలా అన్నది. కట్టెల మీద చేస్తే అస్థి సంచయనానికి మర్నాడో, మూడో రోజో మళ్లీ వెళ్లాలి. కరెంటు, గ్యాస్ వాటికల్లో రెండు గంటల్లోపు అయిపోతుంది, అదే రోజు అస్థికలు ఇచ్చేస్తారు. అక్కడ నిప్పు పెట్టడం గుర్తుగా కర్పూరంతో చేయించి, తర్వాత లోపలికి పంపుతారు. ఆ తలుపు మూసుకునే చప్పుడు కొందరిని బాగా కదిలిస్తుంది. అమ్మ గానీ, పిల్లలు గానీ వస్తే ఇలా జరుగుతుందని ముందే చెప్పి తీసుకెళ్లండి. కూకట్‌పల్లి నుంచి మీకు ఎర్రగడ్డ ఈఎస్‌ఐ శ్మశానవాటిక దగ్గర. పంజాగుట్ట, అంబర్‌పేట, బన్సీలాల్‌పేట, జూబ్లీహిల్స్ మహాప్రస్థానం కూడా ఉన్నాయి. మీ ఆయన ఒకసారి వెళ్లి చూసి, టైములు కనుక్కుని వస్తే చాలు. పాడె కట్టేవాళ్లు, కుండ, కట్టెలు, వైకుంఠ రథం అన్నీ చాలావరకు అక్కడివాళ్ల ద్వారానే కుదురుతాయి. ధర ముందే మాట్లాడుకోండి. ఏడుస్తున్న మనిషి బేరమాడలేడని కొందరికి బాగా తెలుసు. డబ్బు సంచి ఒక్కరి చేతిలోనే ఉంచండి, ఆ ఒక్కరూ మీరు కావద్దు.

పెదనాన్నగారన్నట్టు ఊళ్లోనే చేయాలనుకుంటే అందులో తప్పేమీ లేదు. ఊళ్లో మనుషులుంటారు, డప్పు ఉంటుంది, దింపుడుకళ్లం దగ్గర ఆగి చెవిలో పేరు పెట్టి పిలిచే పెద్దవాళ్లుంటారు. తెలంగాణలో పల్లె ప్రగతి అనే ప్రభుత్వ కార్యక్రమం కింద చాలా ఊళ్లలో వైకుంఠధామాలు (శ్మశానవాటికలు) కట్టారు, స్నానానికి నీళ్లు, నిలబడటానికి నీడ దొరుకుతాయి. నాన్నగారు మాట్లాడగలిగితే ఆయన్నే అడగండి. ఆయన మాట ఉంటే చుట్టాల్లో సగం గొడవ అక్కడే ఆగిపోతుంది. (చదివే మిగతావాళ్ల కోసం: ప్రభుత్వ ఆసుపత్రిలో పోతే ఇంటికి చేర్చడానికి ఉచిత వాహనాలున్నాయి. తెలంగాణలో పరమపద వాహనాలు అంటారు, ఆంధ్రప్రదేశ్‌లో మహాప్రస్థానం. డ్యూటీలో ఉన్న ఆర్ఎంఓను (రెసిడెంట్ మెడికల్ ఆఫీసరును) అడగండి. బిల్లు బాకీ ఉందని శవాన్ని ఇవ్వకుండా ఆపడం ఏ ఆసుపత్రికీ తగదు, కేంద్ర ఆరోగ్య శాఖ రాష్ట్రాలకు పంపిన రోగుల హక్కుల పత్రంలో ఇది స్పష్టంగా ఉంది.)

నేత్రదానం మాట ఎత్తడానికి మొహమాటపడుతున్నట్టున్నారు. నాన్నగారికి ఇష్టమని రాశారు కాబట్టి చేయండి. ఆరు గంటల్లోపు జరగాలి. శుక్లాల ఆపరేషన్ అయినా, షుగర్ ఉన్నా, కళ్లజోడు ఉన్నా ఇవ్వవచ్చు. ఎల్వీ ప్రసాద్ ఆసుపత్రిలోని రామాయమ్మ ఐ బ్యాంక్ వాళ్లు ఇంటికే వచ్చి తీసుకుంటారు. కబురు చేసి, కనురెప్పలు మూసి, తడి దూది పెట్టి, ఫ్యాను ఆపి, తల కింద దిండు పెట్టి ఉంచండి. రక్తంలో ఇన్ఫెక్షన్ లాంటివి ఉంటే తీసుకోరు, అది వాళ్లే చూసి చెబుతారు. ముఖంలో తేడా ఏమీ తెలియదు. శరీరదానం వేరే సంగతి, ముందే వైద్య కళాశాలతో మాట్లాడాలి, పోస్ట్‌మార్టం అయితే తీసుకోరు. 2024లో సీతారాం ఏచూరి గారి దేహాన్ని ఢిల్లీ ఎయిమ్స్‌కు, ప్రొఫెసర్ సాయిబాబా గారి దేహాన్ని హైదరాబాద్ గాంధీ వైద్య కళాశాలకు ఇచ్చారు. అలా ఇచ్చిన కుటుంబాలకు కూడా ఒక సంతాప సభో, ఇంట్లో అందరూ కూర్చుని తలుచుకునే పూటో కావాలి. దహనం లేదు కదా అని ఎవరిదారిన వాళ్లు వెళ్లిపోతే ఇల్లు బోసిపోతుంది.

ఇప్పుడు అసలు విషయం, ఎన్ని రోజులు.

మూడు రోజుల్లో ముగించే పద్ధతి ఈ మధ్య బాగా పెరిగింది. సెలవులు లేవు, ఇల్లు లేదు, చేయించేవాళ్లు లేరు. కారణాలన్నీ నిజమైనవే. మూడో రోజే అస్థి సంచయనం, చిన్న కర్మ, పెద్ద కర్మ, భోజనాలు అన్నీ కలిపేసి నాలుగో రోజు తాళం వేసి వెళ్లిపోతారు. పంతులుగారికి, చుట్టాలకు, ఆఫీసుకి అందరికీ సౌకర్యమే. మిగిలిపోయేది ఇంటి ఇల్లాలు. పాత పద్ధతిలో పదకొండు, పన్నెండు రోజులు ఎందుకు పనికొచ్చాయో ఒకసారి చూడండి. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు, అన్నం వియ్యాలవారి ఇంటి నుంచో, పక్కింటి నుంచో వస్తుంది. ఆమె పక్కన రాత్రిళ్లు ఎవరో ఒకరు పడుకుంటారు. వచ్చినవాళ్లందరూ "ఎలా జరిగింది?" అని అడుగుతారు, ఆమె మళ్లీ మళ్లీ చెబుతుంది. చెప్పడం ఆమెకు కష్టమని ఇప్పటివాళ్లు ఆ ప్రశ్న అడగడం మానేశారు. నేను చూసినంతలో ఆ చెప్పడంలోనే జరిగింది నిజమని ఆమె మనసుకు కొద్దికొద్దిగా ఎక్కుతుంది.

ఇంకొకటి. శాస్త్రంలో మాసికాలు, అంటే మొదటి ఏడాదిలో పోయినవారికి పెట్టేవి, షోడశం, అంటే పదహారు. నెలనెలా వచ్చేవి కాక 27వ రోజు ప్రాంతంలో ఊనమాసికం, 45వ రోజు త్రైపక్షికం, ఆరు నెలలు నిండేముందు ఒకటి, ఏడాది నిండేముందు ఒకటి. ఇప్పుడు చాలా ఇళ్లలో ఈ పదహారూ పెద్ద కర్మ రోజునే ఒకే పూటలో కానిచ్చేస్తారు. మంత్రం వరకు అది చెల్లుతుందని పురోహితులు అంటారు, నేను కాదనను. కానీ 27వ రోజున, 45వ రోజున మనుషులు మళ్లీ ఆ ఇంటికి వచ్చేవాళ్లు, కలిసి తినేవాళ్లు. సరిగ్గా ఫోన్లు రావడం ఆగిపోయే రోజులవి. పన్నెండో రోజు దాకా ఏడవని ఆడవాళ్లు ఆ రోజుల్లో కూలబడటం నేను చాలా ఇళ్లలో చూశాను. మీరు కర్మ మూడు రోజులు చేయండి, అయిదు చేయండి, పదకొండు చేయండి, మీ కుటుంబం ఇష్టం. నా మాట ఒక్కటి వినండి. 27వ రోజున, 45వ రోజున, మూడో నెలలో, ఆయన పుట్టినరోజున, వచ్చే మొదటి పండగకు ఎవరెవరు అమ్మ దగ్గరకు వస్తారో పేర్లతో రాసుకోండి. పిన్నిగారు, మేనమామ, ఎదురింటివాళ్లు, ఎవరైనా సరే. మంత్రం లేకపోయినా ఫర్వాలేదు, భోజనం కలిసి చేయాలి.

ముస్లింల ఇళ్లలో దాదాపు అదే రోజు ఖననం అయిపోతుంది, అయినా మూడు రోజుల పాటు బంధువులు అన్నం పంపుతారు. క్రైస్తవుల ఇళ్లలో సమాధి కార్యక్రమం తర్వాత ఆదరణ కూడిక పెట్టి సంఘమంతా వచ్చి కూర్చుంటుంది. పూడ్చిపెట్టే ఆచారం ఉన్న లింగాయతుల్లో, ఇంకా ఎన్నో కులాల్లో కూడా ఈ అన్నం తెచ్చిపెట్టడం ఉంది. తంతులు ఎంత వేరైనా ఇది మాత్రం అందరి దగ్గరా ఉంది. దీన్ని పోగొట్టుకోవద్దు. పెద్ద కర్మకు వందలమందికి భోజనాలు పెట్టి అప్పుల పాలవడం మాత్రం ఇంకో సంగతి. ఊళ్లలో దినాలకు మాంసం, మందు లేకపోతే మాట వస్తుందని రైతు కుటుంబాలు వడ్డీకి తెచ్చి పెడుతున్నాయి. దాన్ని ఎంత తగ్గిస్తే అంత మంచిది.

అమ్మ విషయం. పదో రోజు తెల్లవారుజామున ఏం చేస్తారో మీకు తెలుసు, తెలియని పిల్లల కోసం చెబుతున్నాను. ముందు ఆమెకు నిండుగా పసుపు రాసి, పెద్ద బొట్టు పెట్టి, చేతినిండా గాజులు వేసి, తలనిండా పూలు పెడతారు. తర్వాత అవే గాజులను రాతికేసి కొడతారు, బొట్టు చెరిపేస్తారు, పుస్తెలు తీస్తారు. ఆమె ముఖం ముత్తైదువలెవరూ చూడకూడదని పక్కకు తప్పుకుంటారు. యాభై ఏళ్లు కాపురం చేసిన మనిషిని, ఆమె జీవితంలోకెల్లా కష్టమైన రోజుల్లో, అందరి ముందు ఇలా నిలబెట్టడం క్రూరత్వం. ఈ మాట నేను ఎవరి ముందైనా చెబుతాను. 2022లో మహారాష్ట్ర కొల్హాపూర్ జిల్లాలో హేర్వాడ్ అనే ఊరి గ్రామసభ ఇలాంటి తంతులన్నీ మానేయాలని తీర్మానం చేసింది, ఆ రాష్ట్ర ప్రభుత్వం మిగతా ఊళ్లను కూడా ఆ దారిలో నడవమంది. మన దగ్గర గ్రామసభలు తీర్మానించకపోయినా ఇళ్లు మారుతున్నాయి. ఆ రోజు పుట్టింటివాళ్లు చీర పెట్టాలి కదా, ఆ చీరే దారి చూపిస్తుంది. అన్నదమ్ములు రంగు చీర తెచ్చి, "అక్కా, బొట్టు తీయకు" అని చెప్పి పెడితే ఊళ్లోవాళ్లు నోరెత్తరు. మీ మేనమామతో ఇప్పుడే మాట్లాడండి.

అమ్మను మాత్రం నాన్నగారు ఉండగా ఈ మాట అడగకండి. దహనం అయ్యాక రెండో రోజో, మూడో రోజో గదిలో ఇద్దరే ఉన్నప్పుడు అడగండి. ఆమె అన్నీ ఉంచుకుంటానంటే ఉంచుకోనివ్వండి. పుస్తెలు తానే తీసి దేవుడి దగ్గర పెట్టుకుంటానంటే అలాగే. కొందరు పెద్దావిడలు పాత పద్ధతే కావాలంటారు, అలా అయితే గది తలుపు వేసి, మీరొక్కరే దగ్గరుండండి, చూసేవాళ్లు అక్కర్లేదు. ఆ తర్వాత పెళ్లిళ్లలో, పేరంటాల్లో ఆమెను ముందు వరసలో కూర్చోబెట్టే బాధ్యత మీది.

పిల్లలకు "తాతయ్య ఊరెళ్లాడు", "నిద్రపోతున్నాడు" అని చెప్పకండి. నిద్రపోవడానికే భయపడతారు. తాతయ్య చనిపోయారు, ఇక తిరిగి రారు, నీ వల్ల ఏమీ జరగలేదు అని మీరే చెప్పండి. చూస్తామంటే చూపించండి, వద్దంటే బలవంతం చేయకండి.

కాగితాల పని త్వరగా చెప్పేస్తాను, ఇది మీ ఆయనకు అప్పగించండి. మరణం ఎక్కడ జరిగితే అక్కడే నమోదు చేయించాలి. హైదరాబాద్‌లో పోయి ఊళ్లో దహనం చేసినా ఇక్కడి మున్సిపల్ కార్పొరేషన్ సర్కిల్ ఆఫీసులోనే. 21 రోజుల్లోపు చేయిస్తే రుసుము లేదు. 30 రోజుల దాకా ఆలస్య రుసుముతో, ఏడాది దాకా జిల్లా రిజిస్ట్రార్ అనుమతితో, ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వుతో చేయించాలి. శ్మశానవాటిక రసీదు జాగ్రత్త. పేరు స్పెల్లింగు ఆధార్‌లో, బ్యాంకులో ఉన్నట్టే రాయించండి, ఒక్క అక్షరం తేడా వస్తే నెలలు తిరగాలి. ఆయన ఫోన్ నంబరు వెంటనే తీయించకండి, ఓటీపీలు దానికే వస్తాయి. ఆయన ఏటీఎం కార్డుతో డబ్బు మాత్రం తీయకండి, అది తర్వాత తలనొప్పి అవుతుంది. నామినీ ఉంటే క్లెయిమ్ ఫారం, మరణ ధృవీకరణ పత్రం ఇస్తే బ్యాంకు పదిహేను రోజుల్లో తేల్చాలి. పాస్‌బుక్కులో 436 రూపాయలు ఏటా కట్ అవుతున్నట్టు ఎక్కడైనా కనిపిస్తే అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా, 2 లక్షలు వస్తాయి. మీ నాన్నగారి వయసుకు అది వర్తించదు గానీ, 55 ఏళ్లలోపు మనిషిని పోగొట్టుకున్న ఇళ్లలో ఆ గీత చూడనివాళ్లు చాలామంది. ప్రమాదం, పాముకాటు, కరెంటు షాక్, ఆత్మహత్య లాంటివైతే పోలీసులకు చెప్పకుండా దహనం చేయకూడదు. పంచనామా, పోస్ట్‌మార్టం బాధాకరమే, కానీ ఆ కాగితాలు లేకపోతే బీమా రాదు, తర్వాత అనుమానాలు కూడా వస్తాయి.

దుఃఖానికి లెక్కలు చెప్పేవాళ్లను పట్టించుకోకండి. అయిదు దశలు వరుసగా దాటాలని ఒక మాట బాగా తిరుగుతుంది, మనుషులకు అలా వరుసలో రాదు. అమ్మ ఒకరోజు టీవీ చూసి నవ్వవచ్చు, మర్నాడు ఆయన చెప్పులు చూసి భోజనం మానేయవచ్చు. రెండూ మామూలే. ఆరు నెలలు దాటినా తిండి, నిద్ర కుదుటపడకపోతే, ఆయన దగ్గరకు వెళ్లిపోతానని పదే పదే అంటే, మందులు వేసుకోవడం మానేస్తే డాక్టరుకు చూపించాలి. వెళ్లిపోతానన్న మాటకు ఆరు నెలలు ఆగకండి, ఆ రోజే 14416కి ఫోన్ చేయండి. అది టెలి మానస్, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. తమ్ముడికీ, మీకూ ఇదే వర్తిస్తుంది. అన్నీ చూసుకునే కూతురు తన ఏడుపు వాయిదా వేసుకుంటుంది, కాబట్టి 27వ రోజు జాబితాలో మీ దగ్గరకు వచ్చే ఒకరి పేరు కూడా రాసుకోండి.

ఈ వారం చేయాల్సినవి ఇవి: వీధి డాక్టరు, ఓనరు, పేస్‌మేకర్, మేనమామ, తమ్ముడి స్నేహితుడి నంబరు. మీ ఊరు ఏ జిల్లానో, అపరం చేయించే పంతులుగారు మీకున్నారో లేదో కింద రాయండి. ఊరికి తీసుకెళ్లే బండి సంగతి, అక్కడి ఏర్పాట్లు నేను చెబుతాను.